క్వేర్వో ఊట వదలను

క్వేర్వో ఊట, న్యూ మెక్సికో
మే 4, 1879

లెమ్యూల్ తమ్ముడికి,

నీ ఉత్తరం, ఆర్డెలియా పంపిన టోపీ ఒకే బండిలో వచ్చాయి. టోపీ చాలా బాగుంది. ఇక్కడి గాలికి తల మీద నిలవదు కాబట్టి ప్రస్తుతానికి అందులో ఒక కోడి పొదుగుతోంది. ఈ సంగతి మీ ఆవిడకి చెప్పకు.

మీ ఇంట్లో మేడ మీద గది నాకోసం సున్నం వేయించానని రాశావు. సంతోషం. అందులో ఉల్లిపాయలు ఆరబెట్టుకోండి. నేను రాను. మా ఆయన ఎమోస్ పోయాక ఆడమనిషి ఒక్కతే ఆ మట్టికొంపలో ఏం చేస్తుందని అడిగావు. ఆయన ఉన్నప్పుడు ఏం చేశానో అదే చేస్తున్నాను. టపా బండి వస్తే కంచర గాడిదల్ని మారుస్తాను, ప్రయాణికులకి చిక్కుడు గింజలు వండి పెడతాను, ఊటలో ఇసుక పూడకుండా తోడిస్తాను. ఈ దారిలో మళ్ళీ నీటిచుక్క కనబడాలంటే పొద్దున బయల్దేరినవాడు పొద్దుగూకేదాకా నడవాలి.

మేజరు స్ట్రికర్ మళ్ళీ మనిషిని పంపాడు. చుట్టుపక్కల గడ్డి అంతా ఆయన గొడ్లే మేస్తున్నాయి, ఊట ఒక్కటే ఆయన చేతిలో లేదు. "ఎప్పటికైనా ఇవ్వక తప్పదమ్మా" అన్నాడు వచ్చినవాడు. "ఆ ఎప్పటికైనా వచ్చినప్పుడు నువ్వు కూడా రా, కాఫీ ఇస్తాను" అన్నాను.

అంతకంటే పెద్ద తలనొప్పి నా భోజనాల బల్ల దగ్గర ఉంది. బండి తోలే జెథ్రో క్లెగ్ టెక్సాస్ మనిషి, అంతర్యుద్ధంలో బానిసత్వం కావాలన్న దక్షిణాది వైపు పోరాడాడు. ఇప్పుడు కంపెనీ ఆ బండికి కాపలాగా కోర్నీలియస్ టిబ్స్ అనే నల్లజాతి సార్జెంటుని పెట్టింది. సైన్యంలో నీలికోట్ల గుర్రపు దళంలో చేసి బయటికొచ్చిన మనిషి. పక్కన కూర్చోనివ్వనని క్లెగ్ మొండికేస్తే, సార్జెంటు బండి కప్పు మీద కూర్చుని వస్తున్నాడు. "పైనుంచి చూపు బాగా ఆనుతుందమ్మా. క్లెగ్ దొరగారి బట్టతల కూడా కనబడుతుంది" అన్నాడు నాతో. సార్జెంటుతో నా బల్ల దగ్గర కూర్చోలేనివాడు గుమ్మం బయట తినొచ్చని చెప్పాను. క్లెగ్ గుమ్మంలో నిలబడి తింటున్నాడు, సగం లోపల, సగం బయట.

పిల్లలకి ముద్దులు.
మీ అక్క,
డోర్కస్


మిల్‌బర్న్, ఒహాయో
మే 27, 1879

ప్రభువు కృపకు పాత్రురాలైన అక్కకు,

నీ ఉత్తరం భోజనాల దగ్గర చదివి వినిపించాను. టోపీ సంగతి ఉందని ముందుగా చూసుకోలేదు. ఆర్డెలియా మధ్యలో లేచి వెళ్ళింది.

అక్కా, నువ్వు చెప్పే మేజరు స్ట్రికర్ నాకు స్వయంగా ఉత్తరం రాశారు. ఎంతో మర్యాదస్తుడు, మన చర్చి సంఘంవాడే. నీ క్షేమం గురించి ఆయనకున్న ఆదుర్దా చూసి నా కళ్ళు చెమర్చాయి. ఆ కొండల్లో అపాచీ తెగవాళ్ళు మళ్ళీ తిరగబడ్డారట. నువ్వు ఒప్పుకుంటే తన మనుషుల్ని తోడిచ్చి రైలు దాకా దింపుతానన్నారు. ఊట గురించి ఒక్క ముక్క అయినా రాయలేదు.

నువ్వు మనుషుల్ని తొందరపడి కొలుస్తావు. చిన్నప్పటి నుంచీ అంతే. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వే కాబట్టి ఇంతకంటే గట్టిగా చెప్పలేను. భోజనాల బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలన్న గొడవలో నువ్వు తలదూర్చకుండా ఉంటే బాగుండేది. లోకాన్ని సరిచేయడం ఒక విధవరాలి పని కాదు.

నీ మేలు కోరే,
లెమ్యూల్ ఫ్రాస్ట్


క్వేర్వో ఊట
జూన్ 18, 1879

తమ్ముడికి,

ఇది ఉన్ని మూటల బండివాడి చేతికిస్తున్నాను, వాడు గుమ్మంలో తొందర పెడుతున్నాడు. మన టపా బండి ఇరుసు విరిగి దొడ్డిలో పడి ఉంది. క్లెగ్, సార్జెంటు ఇద్దరూ ఇక్కడే చిక్కుకుపోయారు.

పోయిన వారం ఒక అపాచీ ముసలావిడ తన కొడుకుతో నీళ్ళకి వచ్చింది. ఏటా ఈ రోజుల్లో వస్తుంది. ఎమోస్ ఉన్నప్పుడు నేను తలుపేసుకుని కిటికీలోంచి చూసేదాన్ని. ఈసారి ఆ కొడుకు ఒంగి తిత్తి నింపుకుంటూ ఉంటే మేజరు మనుషులు గట్టు మీదనుంచి కాల్చారు. తొడలో తగిలింది. అతను చేసిన తప్పల్లా దాహం తీర్చుకోవడమే. నేను చీపురు పట్టుకునే బయటికి పరిగెత్తాను. చేతిలో ఉన్నది చీపురని కాసేపటికి గాని తెలియలేదు. ఆడమనిషిని చూసి వాళ్ళు కాల్పులు ఆపారు.

ఇప్పుడు తల్లీ కొడుకులిద్దరూ మా గుర్రాల కొట్టంలో ఉన్నారు. ఆవిడని మెక్సికోవాళ్ళు నియేవెస్ అని పిలుస్తారట, కొడుకు పేరు మార్తీన్. ఆవిడకి స్పానిష్ వచ్చు, నాకు రాదు, క్లెగ్‌కి వచ్చు. అపాచీలతో మాట్లాడనని ఒట్టేసుకున్న మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవిడ మాటలు నాకు చెబుతూ, నా మాటలు ఆవిడకి చెబుతూ తిట్టుకుంటున్నాడు. గుండు తీసింది సార్జెంటు. ఆ కాలు గట్టిగా పట్టుకున్నది క్లెగ్. "నీలికోటూ, చెయ్యి వణక్కుండా కొయ్యి" అన్నాడు. "వణికేది నువ్వు పట్టుకున్న కాలు, దొరా" అన్నాడు సార్జెంటు.

వాళ్ళని అప్పగించమని మేజరు కబురు పెట్టాడు. వాళ్ళిక్కడ ఉండగా నేను కదలడం కుదరదు. గోడ దాటి అడుగు బయట పెట్టే పరిస్థితి లేదు. మేడ మీద గది గురించి మళ్ళీ అడగకు.

డోర్కస్


మిల్‌బర్న్, ఒహాయో
జూలై 9, 1879

నా ప్రియమైన అక్కకు,

ధైర్యంగా ఉండు. నాకు అంతా అర్థమైంది.

ఆ ఉత్తరంలోని మాటలు నీవి కావు. పక్కన ఆ అపాచీలు నిలబడి రాయిస్తేనే నా అక్క అలా రాస్తుంది. మేజరు మనుషుల మీద అంత పెద్ద నింద వేసి, ఆ వెంటనే "నేను కదలడం కుదరదు, అడుగు బయట పెట్టే పరిస్థితి లేదు" అన్నావు. ఆ రెండు వాక్యాలూ వాళ్ళ కళ్ళు గప్పి నాకోసం రాశావని ఆర్డెలియా కూడా ఒప్పుకుంది. రాత్రింబవళ్ళు ప్రార్థన చేస్తున్నాం.

ప్రార్థనతో ఊరుకోలేదు. మేజరు స్ట్రికర్‌కి నా చేత్తో రాసి, ఎలాగైనా నిన్ను విడిపించి తీసుకురమ్మని వేడుకున్నాను. నీ పెంకితనం ఆయనకి తెలియదు కదా, ఒకవేళ భయంతో నువ్వు రానన్నా పట్టించుకోవద్దని కూడా రాశాను. ఆయన మనిషి ప్రెంటిస్ నా ఉత్తరం తీసుకుని వస్తాడు. నా చేతిరాత చూస్తే నమ్ముతావు.

త్వరలోనే కలుస్తాం.
నీ తమ్ముడు,
లెమ్యూల్


క్వేర్వో ఊట
ఆగస్టు 2, 1879

లెమ్యూల్,

ప్రెంటిస్ వచ్చాడు. నీ చేతిరాత చూశాను.

తుపాకులు పట్టుకున్న మనుషులు ఒక పెద్ద గుంపుగా వాడి వెనకాల ఉన్నారు. గోడకి అవతల గుర్రం మీదే కూర్చుని, టోపీ తీసి, నీ ఉత్తరాన్ని కర్రకి గుచ్చి అందించాడు. అదే వంకర లకారం. పలక మీద నీ చెయ్యి పట్టుకుని దిద్దించింది నేనే కదా, గుర్తుపట్టనా. రానన్నా పట్టించుకోవద్దని రాశావు. నన్ను మూటకట్టి పంపమని, నన్ను కాల్చడానికి వచ్చినవాళ్ళకే రాసిచ్చావు.

"మీ తమ్ముడుగారు పంపారమ్మా. బండి సిద్ధంగా ఉంది. కొట్టంలో ఉన్నవాళ్ళని మేం చూసుకుంటాం" అన్నాడు.

"మీరెలా చూసుకుంటారో ఒకసారి చూశాం" అన్నాను. "నేను రాను. వాళ్ళూ రారు. ఊట కూడా రాదు."

"మేడమ్, లోపల ఉన్నది ఒక ముసలిది, ఒక కుంటివాడు, ఒక నల్లవాడు, ఒక తాగుబోతు. వాళ్ళని నమ్ముకుని..."

"ఎవడ్రా తాగుబోతు" అని ఇంటి కప్పు మీద నుంచి క్లెగ్ కాల్చాడు. ప్రెంటిస్‌ని కాదు. వాళ్ళు వెంట తెచ్చుకున్న నీళ్ళ పీపాల్ని. ఒకటి తర్వాత ఒకటి పగిలాయి. పక్కనే పడుకుని ఉన్న సార్జెంటు, "మొట్టమొదటిసారి బుర్ర వాడావు దొరా" అని మిగిలిన వాటిని తను పగలగొట్టాడు.

అప్పుడు మొదలైంది. వాళ్ళు గుర్రాల్ని వెనక పల్లంలో కట్టేసి, రాళ్ళ చాటు నుంచి కాల్చడం మొదలుపెట్టారు. ఎమోస్ కట్టిన పచ్చి ఇటుకల గోడ గుళ్ళని మింగేసి ఊరుకుంది. కిటికీ అద్దాలు పోయాయి, గోడ గడియారం పోయింది, నా కోళ్ళలో సగం పోయాయి. మార్తీన్ పడుకునే తుపాకులు నింపి ఇచ్చేవాడు. నియేవెస్ ఒక కిటికీ దగ్గర, నేను ఇంకో కిటికీ దగ్గర. లెమ్యూల్, నేను మనుషుల వైపు గురిపెట్టి కాల్చాను. తగిలిందో లేదో తెలియదు. తగలాలనే కాల్చాను. సంఘ పెద్దవి కదా, దాని సంగతి నీ ప్రార్థనలో చూసుకో.

మర్నాడు మధ్యాహ్నానికి పల్లంలో గుర్రాలు సకిలించడం మొదలుపెట్టాయి. వాటి గొంతులు ఎండిపోయి ఉన్నాయని ఆ అరుపులోనే తెలుస్తోంది. ఎమోస్ ఉండగా, తప్పిపోయిన గుర్రం ఏదైనా సరే మా తొట్టి వాసన పట్టుకుని వచ్చేసేది. దొడ్డి గేటు తీసి, తొట్లు పొంగేలా నీళ్ళు పోద్దామన్నాను. క్లెగ్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"గేటు తీస్తే గుర్రాలొక్కటే వస్తాయా అమ్మా? వాటి వెనకాల వాళ్ళూ వస్తారు."

నియేవెస్ ఏదో అంది. క్లెగ్ గడ్డం గోక్కుంటూ అటు తిరిగాడు. ఏమందని గద్దించాను.

"ఇప్పుడు కాదంటోంది. గాలి అటు తిరిగాక పొయ్యమంటోంది. ఇంకా... ఈ గడ్డపు మనిషికి భయంగా ఉంటే గేటు తనే తీస్తానంటోంది."

గాలి తిరిగింది. నేనూ ఆవిడా చేదలు తోడి తొట్లలో, నేల మీద, గేటు దాకా కుమ్మరించాం. తడిసిన మట్టి వాసన నాకే తెలిసింది, గుర్రాలకి తెలియదా. పల్లంలో గుంజలు ఊడిన చప్పుడు, మనుషుల కేకలు వినబడ్డాయి. ఆ తర్వాత అన్నీ ఒక్క ఊపున, తాళ్ళు ఈడ్చుకుంటూ దొడ్లోకి వచ్చిపడ్డాయి. గేటు మూయడానికి క్లెగ్, సార్జెంటు ఇద్దరూ ఒకేసారి దూకారు. ఆ గేటు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చెరో పక్క భుజం ఆనించి తోశారు. గడియ పడే లోపల క్లెగ్ కుడిచేతికి గుండు తగిలి మూడు వేళ్ళు పోయాయి. సార్జెంటు అతన్ని మెడ పట్టుకుని లోపలికి లాగేశాడు.

ఎండలో, ఈ దేశంలో, గుర్రం లేకుండా, నీళ్ళు లేకుండా ఎవరు ఎంతసేపు కాలుస్తారు? మూడో రోజు పొద్దున ప్రెంటిస్ తెల్ల రుమాలు ఊపాడు. పెదవులు పగిలి మాట సరిగ్గా రావడం లేదు. ఒక తుపాకి గోడ మీద పెట్టినవాడికి ఒక చెంబుడు నీళ్ళని చెప్పాను. వరసగా వచ్చి పెట్టారు. నియేవెస్ తన కొడుకుని కాల్చినవాడికి తన చేత్తోనే నీళ్ళు పోసింది. వాడు తాగుతున్నంతసేపూ వాడి ముఖంలోకే చూసింది. వాడు సగం తాగి తల దించుకున్నాడు. నడిచి వెళ్ళడానికి సరిపడా తిత్తులు నింపిచ్చి పంపేశాం.

ఆ రోజు క్లెగ్ బల్ల దగ్గర కూర్చున్నాడు. కుడిచేతికి కట్టు ఉంది కదా, సార్జెంటు అతని మాంసం కోసిపెట్టాడు. "చిన్న ముక్కలు కొయ్యి" అన్నాడు క్లెగ్. ఇంతకంటే మంచిమాట అతని నోట్లోంచి రాదు.

నువ్వు మళ్ళీ ఎవరికైనా నా గురించి ఉత్తరం రాసే ముందు నన్ను అడుగు.

డోర్కస్


మిల్‌బర్న్, ఒహాయో
ఆగస్టు 12, 1879

క్వేర్వో ఊట దగ్గర ప్రాణాలతో మిగిలినవారెవరైనా సరే, వారికి,

అయ్యా,

మీరెవరో నాకు తెలియదు. మేజరు స్ట్రికర్ తంతి ఇచ్చారు. ఇక్కడి పత్రికలో కూడా పడింది. అపాచీలు అక్కడి టపా బండ్ల ఠాణాని తగలబెట్టి, నా అక్క శ్రీమతి డోర్కస్ పెల్‌ని చంపేశారని, ఆమెను విడిపించబోయిన మేజరు మనుషులు గుర్రాలు, ఆయుధాలు పోగొట్టుకుని కాలినడకన తిరిగొచ్చారని రాశారు. ఆ ధైర్యవంతులు ఎదురుపడితే వారికి నా కృతజ్ఞతలు చెప్పండి.

ఆమె దేహం దొరికితే ఎమోస్ పెల్ పక్కన పెట్టండి. ఆమెకి పువ్వులంటే ఇష్టం లేదు, పెట్టకండి. ఆమె వస్తువేదైనా మిగిలి ఉంటే పంపండి, ఎంత చిన్నదైనా సరే.

ఆదివారం చర్చిలో ఆమె కోసం పాటలు పాడాం. నేను మాట్లాడాలని నిలబడ్డాను. నాకు అక్షరాలు నేర్పింది ఆమేనని చెప్పి కూర్చున్నాను.

లెమ్యూల్ ఫ్రాస్ట్


క్వేర్వో ఊట
సెప్టెంబరు 6, 1879

ఒరేయ్ లెమ్యూల్,

నీ ఉత్తరం అందింది. ప్రాణాలతో మిగిలినవారు అందరం కలిసి చదివాం. మీ చర్చిలో ఏ పాటలు పాడారో రాయలేదు. ఆ బొంగురు గొంతు మిసెస్ గ్రోవర్ చేత మాత్రం పాడించి ఉండవని ఆశ.

ఈపాటికి నా ఆగస్టు ఉత్తరం నీకు చేరి ఉంటుంది. అది చదివి నువ్వెలా ఉన్నావోనని రెండు రోజులుగా మనసు బాగాలేదు. కోపంతో రాశాను. రాసిందంతా నిజమే, ఒక్క ముక్క వెనక్కి తీసుకోను. కానీ పువ్వులు పెట్టవద్దన్నావు చూడు, అక్కడ చదవడం ఆపేసి పెరట్లోకి వెళ్ళాల్సొచ్చింది.

మేజరు కథ విని సైన్యం వచ్చింది. సార్జెంటు పాత దళమే. కుర్ర కెప్టెన్, ముక్కు మీద తోలు ఊడుతోంది. గేటు దగ్గర నన్ను చూసి కాగితం తీసి చూసుకున్నాడు.

"మీరు చనిపోయినట్టు నాకు సమాచారం ఉందమ్మా."

"నాకింకా అందలేదు" అన్నాను.

లోపల అపాచీలు ఉంటే పట్టుకుపోవాలని ఆజ్ఞ అట. నేను గేటుకి అడ్డంగా నిలబడ్డాను. పక్కన క్లెగ్, ఎడమచేత్తో తుపాకి. ఇటుపక్క సార్జెంటు, ఉత్త చేతులతో. అతన్ని చూసి ఆ సిపాయిలంతా జీనుల మీద నిటారుగా కూర్చున్నారు. సగం మందికి గుర్రం ఎక్కడం నేర్పింది తనేనట.

"సార్జెంట్ టిబ్స్, లోపల ఎవరున్నారు?" అన్నాడు కెప్టెన్.

"అమ్మగారి అతిథులున్నారు సర్. ఒకరిని నీళ్ళు తాగుతుంటే కాల్చారు. కాల్చినవాళ్ళ తుపాకులు కూడా ఉన్నాయి, చూస్తారా?"

కెప్టెన్ ఆ గోడ మీది తుపాకుల వరస చాలాసేపు చూశాడు. గుర్రాలు అలిసిపోయాయి, నీళ్ళు పట్టాక వెతుకుతానన్నాడు. ఆ మధ్యాహ్నమంతా కొండల వైపు వీపు పెట్టి కూర్చుని, నా చిక్కుడు గింజలు మూడుసార్లు అడిగి తిన్నాడు. అంత బాగుండవని నాకు తెలుసు.

ఆయన వీపు వెనక నుంచి కొండల్లోకి వెళ్ళే ముందు నియేవెస్ నాకో మాట చెప్పింది. క్లెగ్ నేల చూస్తూ నాకు తెలిసే మాటల్లో చెప్పాడు. "ఇవి మా అమ్మమ్మ తాగిన నీళ్ళు. ఇవి నీవని నువ్వనుకుంటున్నావు, ఆ గొడ్లవాడు తనవనుకుంటున్నాడు. నువ్వు తలుపు తీశావు. అందుకని నువ్వుండు." తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందన్నాను. సరే అన్నట్టు తల ఊపి, కొడుకుని మేజరు గుర్రం ఒకదాని మీద ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు టపా బండి సార్జెంటు తోలుతున్నాడు. క్లెగ్ పక్కనే కూర్చుని దారి పొడుగునా తప్పులు పడుతున్నాడు. మేజరు మళ్ళీ వస్తాడు. రానీ. గోడ మళ్ళీ మెత్తుతున్నాం, ఈసారి ఇంకో అడుగు ఎత్తుగా.

బతికే ఉన్న మీ అక్క,
డోర్కస్


లా హోయా ఠాణా, న్యూ మెక్సికో
అక్టోబరు 3, 1879

అక్కా,

పై పేరు చూసి కంగారు పడకు. అవును, లా హోయా. మీకు ముందున్న ఠాణాయే.

నీ ఆగస్టు ఉత్తరం అందిన రోజున కొట్టు మూసేశాను. ఆదివారం చర్చిలో లేచి, మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా చదివాను. మనుషుల వైపు గురిపెట్టి కాల్చానన్నది కూడా చదివాను. కొందరు లేచి వెళ్ళిపోయారు. పాస్టరుగారు చాలన్నారు. నేను చాలనుకోలేదు. ఇప్పుడు నేను సంఘ పెద్దని కాను. ఆర్డెలియా అంతా విని, ఇంటికొచ్చి, నా పెట్టె తనే సర్దింది. "కోడి పొదిగిన టోపీ తిరిగి తేవక్కర్లేదని చెప్పండి" అంది. దారిలో ఉన్నాను కాబట్టి నీ సెప్టెంబరు ఉత్తరం నాకు అందలేదు, ఏమైనా తిట్లు రాసి ఉంటే ఎదురుగా చెప్పు.

పొద్దున ఇక్కడ ప్రెంటిస్ ఎదురయ్యాడు. ఉత్తరాల వల్ల నా పేరు తెలుసు కాబట్టి ఎంతో మర్యాదగా పలకరించాడు. క్వేర్వో దాకా తన మనుషులు తోడొస్తారన్నాడు. దొడ్లో చాలా గుర్రాలకి జీనులు వేస్తున్నారు, ఈసారి పీపాలు రెండు బండ్ల మీద ఎక్కిస్తున్నారు. పీపాలకి ఇనుప రేకు తొడిగారు, క్లెగ్‌కి చెప్పు.

"అక్కగారిని ఒప్పించడానికి మీరుంటే మంచిది సార్" అన్నాడు.

"ఒప్పించడానికి వెళ్ళడం లేదయ్యా" అన్నాను. "పోయినసారి నా ఉత్తరం మీరు పట్టుకెళ్ళారు. ఈసారి నా మాట నేనే పట్టుకెళ్తాను. మీ మేజరుతో చెప్పండి, ఒక తుపాకికి ఒక చెంబుడు నీళ్ళు, ఆ ధర ఇంకా మారలేదు."

మధ్యలోనే అతను వెనక్కి తిరిగి నడిచాడు. అయినా మొత్తం అన్నాను.

మీ టపా బండి కోసం ఆగితే వాళ్ళు నాకంటే ముందు చేరతారు. అందుకని ఒక కంచర గాడిద సంపాదించాను. అది నన్ను రెండుసార్లు పడేసింది. ఉత్తరాలు మోసే రౌతు ఇప్పుడే బయల్దేరుతున్నాడు, నాకంటే ముందే వస్తాడు కనక ఇది అతని చేతికిస్తున్నాను. నల్ల కోటు వేసుకుని, ఎండకి ముఖం కమిలిపోయి, గాడిద మీద వంకరగా కూర్చుని తూర్పు దారిన వచ్చేవాణ్ణి కప్పు మీద నుంచి ఎవరూ కాల్చకండి. చెయ్యెత్తి వస్తాను.

తుపాకి పట్టుకోవడం రాదు. గోడ మెత్తడం వచ్చు, చేద తోడడం వచ్చు, ఎవరైనా నేర్పితే తుపాకులు నింపి ఇవ్వడం కూడా వస్తుంది. నిన్ను తీసుకెళ్ళడానికి రావడం లేదు అక్కా. గేటు దగ్గర ఏ పక్క నిలబడాలో చూపించు, చాలు.

లెమ్యూల్